ఇంట్లో ఉన్నవాటితో హాలోవీన్ వేషం: ఏది వేస్తే పిల్లలు హాయిగా తిరుగుతారు, ఏది వేస్తే దారిలోనే విప్పేస్తారు

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. అమెరికాలో పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి క్యాండీ తెచ్చుకునే హాలోవీన్‌కి, అంటే అక్టోబర్ 31కి, ఒక్క సాయంత్రమే మిగిలి ఉండి, ఇంట్లో అయిదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలుండి, షాపుకి వెళ్లకుండా ఉన్నవాటితోనే పని కానివ్వాలనుకుంటే దిష్టిబొమ్మ వేషం వేయండి. నాన్న గళ్ల చొక్కా, పాత జీన్స్, ఒక టోపీ, సరుకులు తెచ్చిన గోధుమరంగు కాగితం సంచి, నాలుగు రబ్బరు బ్యాండ్లు చాలు. దెయ్యం, మమ్మీ (గుడ్డపీలికలు చుట్టిన ఈజిప్టు శవం), రోబో, పిల్లి, రాణి, బామ్మ ఇవన్నీ కూడా ఇంట్లోంచే వస్తాయి, ఒక్కోదానికీ ఒక్కో సుగుణం ఉంది, కాకపోతే ఒక్కోదానితో ఒక్కో చోట పిల్లలకి ఇబ్బంది వస్తుంది. అది ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే మీ ఇంటికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు.

ఇంటి వేషం అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. తెల్ల పంచె కట్టి, చేతికి కర్రిచ్చి, కళ్లద్దాలు పెడితే గాంధీగారు. అమ్మ పట్టుచీర చుట్టి అట్టతో కిరీటం చేస్తే భరతమాత. కాషాయం పంచె, విల్లు ఉంటే అల్లూరి సీతారామరాజు. అమెరికా వచ్చాక హాలోవీన్‌కీ ఆ అలవాటుతోనే ఆలోచిస్తాం, అక్కడే తేడా కొడుతుంది. ఫ్యాన్సీ డ్రెస్‌లో పిల్లాడు స్టేజీ మీద రెండు నిమిషాలు నిలబడి, బట్టీ పట్టిన నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతాడు. హాలోవీన్ వేషంతో గంటన్నర, రెండు గంటలు చీకట్లో, చల్లగాలిలో ఇంటింటి మెట్లూ ఎక్కి దిగాలి, ఒక చేత్తో క్యాండీ సంచి మోయాలి, మధ్యమధ్యలో స్నేహితుల వెంట పరిగెత్తాలి. మన పగటివేషగాళ్లు ఊరూరా ఇంటింటికీ తిరిగేవాళ్లు కదా, అలా నడవడానికి కట్టే వేషం ఇది, నిలబడడానికి కట్టేది కాదు.

అందుకే ఫొటోలో ఎలా పడుతుందన్నది ఆఖర్న చూడండి. లోపల స్వెటర్ పడుతుందా, తల తిప్పితే పక్కకి కనిపిస్తుందా, మెట్లెక్కేటప్పుడు కాలికి అడ్డం తగులుతుందా, బాత్రూంకి వెళ్లాలంటే ఎవరి సాయం లేకుండా విప్పుకుని మళ్లీ వేసుకోగలరా, ముందు ఇవి చూడండి.

చలి సంగతి ఊరిని బట్టి ఉంటుంది. డాలస్, హ్యూస్టన్ వైపు ఆ సాయంత్రం ఒక్కోసారి టీషర్టు చాలు. న్యూజెర్సీలో చాలా ఏళ్లు జాకెట్ లేకుండా కుదరదు. ఇక మినియాపోలిస్‌లో 1991లో సరిగ్గా హాలోవీన్ రోజున మొదలైన మంచు తుఫాను ఆగేసరికి 28.4 అంగుళాల మంచు పడింది. షాపులో కొన్న వేషాలు చాలావరకు పల్చటి బట్టతో వస్తాయి, చలేసి పైన జాకెట్ వేయాల్సి వస్తే కొన్న వేషం కాస్తా దాని కిందికి పోతుంది. ఇంటి వేషంలో నాకు నచ్చే మొదటి లాభం ఇదే. పెద్దవాళ్ల బట్టలు పిల్లలకి వదులుగా ఉంటాయి కాబట్టి జాకెట్‌ని లోపల వేసి, వేషాన్ని దాని మీద వేయొచ్చు. అయితే చిన్నపిల్లల్ని కారు సీట్లో కూర్చోబెట్టేటప్పుడు ఆ లావు జాకెట్ విప్పేయండి, దాని మీద కట్టిన బెల్టు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుందే గానీ లోపల వదులుగానే ఉంటుంది.

చీకటి ఇంకా ముఖ్యం. 2007 నుంచి అమెరికాలో చలికాలం కోసం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారం, అంతకుముందు అక్టోబర్ చివరి ఆదివారమే తిప్పేవాళ్లు. ఆ మార్పు వల్ల హాలోవీన్ సాయంత్రం వెలుతురు ఒక గంట ఎక్కువ దొరుకుతోంది. అయినా న్యూజెర్సీలో ఆరు లోపే పొద్దు గూకిపోతుంది, డాలస్‌లో ఆరున్నర దాటాక. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల లెక్కలు తీసిన ఒక అధ్యయనంలో, రోడ్డు మీద నడిచేవాళ్లు ప్రమాదంలో చనిపోయే ముప్పు హాలోవీన్ సాయంత్రం, దానికి వారం ముందూ వారం తర్వాతా ఉన్న సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ తేడా మరీ ఎక్కువ. పిల్లకి దారి కనిపించడం ఎంత ముఖ్యమో, కారు నడిపేవాళ్లకి పిల్ల కనిపించడం అంతే ముఖ్యం. మాస్కు వద్దని, నల్ల వేషం వేస్తే కారు లైటు పడగానే మెరిసే టేపు అతికించమని నేను పదేపదే అనేది ఇందుకే.

దిష్టిబొమ్మని నేను ఎందుకు ముందు పెడతానంటే

పొలంలో పిట్టల్ని బెదరగొట్టడానికి నిలబెట్టే బొమ్మే ఇది, అమెరికాలో అక్టోబర్ వచ్చిందంటే గుమ్మడికాయలతో పాటు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది కాబట్టి ఏ తలుపు కొట్టినా ఎవరికీ వివరించక్కర్లేదు. పెద్దవాళ్ల గళ్ల చొక్కా పిల్లలకి మోకాళ్ల దాకా వస్తుంది, చేతులు మణికట్టు దాకా మడిచేయండి, నడుముకి ఒక తాడో పాత చున్నీయో కట్టండి. కాగితం సంచిని అరంగుళం వెడల్పు పీలికలుగా కత్తిరించి, గుత్తులుగా పట్టుకుని, చొక్కా చేతుల అంచున, ప్యాంటు అంచున రబ్బరు బ్యాండుతో బిగించండి, గడ్డి బయటికి పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. బ్యాండు బట్ట మీద ఉండాలి, చర్మానికి తగలకూడదు, రెండు గంటల్లో చేతులు ఎర్రగా కందిపోతాయి. టోపీ అంచు కింద కూడా నాలుగు పీలికలు టేపుతో అతికించండి. పాత బట్టల ముక్కలు మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర పెద్ద పెద్ద కుట్లతో తగిలిస్తే అతుకుల చొక్కా అయిపోతుంది, మర్నాడు ఆ దారం లాగేస్తే చొక్కా మళ్లీ బీరువాలోకి వెళ్లిపోతుంది, దేన్నీ కోసి పాడుచేయక్కర్లేదు. ముఖానికి ఐలైనర్‌తో ముక్కు మీద ఒక త్రికోణం, పెదాల చివర్ల నుంచి చెంపల దాకా చిన్న చిన్న కుట్ల గీతలు, బుగ్గల మీద కొంచెం లిప్‌స్టిక్, అంతే.

ఇందులో మాస్కు లేదు, కాలికి అడ్డం పడేది లేదు, లోపల రెండు స్వెటర్లయినా పడతాయి, బాత్రూంకి వెళ్లడం మామూలు ప్యాంటుతో ఎంత సులువో అంతే సులువు. వర్షం పడితే మాత్రం కాగితం గడ్డి ముద్దయిపోతుంది, వాతావరణం చూసి వాన ఉందంటే కాగితం బదులు పసుపు రంగు ఊలు దారం వాడండి. దీనికున్న అసలు లోటు వేరే: భయపెట్టాలనుకునే పిల్లాడికీ, తళతళలు కావాలనే పిల్లకీ ఇది చప్పగా అనిపిస్తుంది. వాళ్లని బలవంతపెట్టకండి. పిల్లలకి నచ్చని వేషం ఎంత బాగా కట్టినా మూడో ఇంటి దగ్గర టోపీ, ఆరో ఇంటి దగ్గర చొక్కా మీ చేతికొచ్చేస్తాయి.

దుప్పటి దెయ్యం సులువే, కానీ జాగ్రత్తగా కట్టాలి

అందరికీ ముందు తట్టేది దెయ్యమే, తెల్ల దుప్పటి కప్పి రెండు కన్నాలు పెడితే అయిపోతుందనుకుంటారు. అలా కప్పితే నడుస్తున్నకొద్దీ దుప్పటి తిరిగిపోయి కన్నాలు చెవుల దగ్గరికి వెళతాయి, పిల్లలు చేత్తో లాక్కుంటూ గుడ్డిగా నడుస్తారు. దీన్ని సరిచేయడానికి మంచి ఉపాయం ఉంది. పిల్లకి సరిపోయే క్యాపు తీసుకుని, దాని ముందు అంచు వెనక్కి తిప్పి తలకి పెట్టి, దుప్పటి నడిమధ్య భాగాన్ని ఆ క్యాపుకి నాలుగు పిన్నీసులతో లోపలివైపు నుంచి బిగించండి. ఇక దుప్పటి తలతో పాటే తిరుగుతుంది. కళ్లకి కన్నాలు కాదు, నుదురు నుంచి గడ్డం దాకా ముఖమంతా కనిపించేలా గుండ్రంగా కత్తిరించేయండి, ముఖానికి కొంచెం తెల్ల రంగు రాస్తే దెయ్యమే. పొడవు పిక్కల దాకా చాలు, నేల తాకనివ్వకండి. చేతులు బయటికి రావడానికి పక్కల రెండు చీలికలు ఉండాలి, లేకపోతే సంచి పట్టుకోవడానికి దుప్పటంతా ఎత్తాల్సి వస్తుంది. ఎలాస్టిక్ ఉన్న పరుపు షీటు తీసుకోవద్దు, అంచులు ముడుచుకుపోయి సరిగ్గా జారదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొత్తగా వచ్చినవాళ్లకి తెలిసే అవకాశం తక్కువ. నెత్తి మీద కొన దేలినట్టు తెల్ల బట్ట కడితే అమెరికాలో అది దెయ్యంలా కాక, నల్లవాళ్లని హింసించి చంపిన కూ క్లక్స్ క్లాన్ ముసుగులా కనిపిస్తుంది. పిల్లలకి ఏమీ తెలియకపోవచ్చు, ఎదుటివాళ్ల గుండెకి మాత్రం తగులుతుంది. తల గుండ్రంగా ఉండాలి, ముఖం తెరిచి ఉండాలి.

సరిగ్గా కడితే దెయ్యానికి ఉన్న గొప్ప సుగుణం తెలుపు, చీకట్లో దూరం నుంచే కనిపిస్తుంది. జాకెట్ ఎంత లావుదైనా లోపల దాగిపోతుంది. స్కూల్లో పిల్లలంతా వేషాలతో వరసగా నడిచే పరేడ్‌కి మాత్రం వద్దంటాను, క్లాసులో కూర్చోవడానికీ, గుంపులో నడవడానికీ అడ్డమే. దెయ్యమే కావాలని పట్టుబడితే స్కూలుకి పాత తెల్ల హుడీ వేసి, దాని మీద నల్ల కాగితంతో కళ్లూ నోరూ కత్తిరించి అతికించండి.

మమ్మీ వేషానికి చాలామంది టాయిలెట్ పేపర్ చుడతారు. ఇంట్లో పుట్టినరోజు ఆటకి అది సరదాగా ఉంటుంది కానీ వీధిలోకి పనికిరాదు, కొంచెం చెమట పట్టినా, మంచు తగిలినా తెగి రాలిపోతుంది. చిరిగిన పాత తెల్ల పంచె ఉంటే అది మేలు. రెండంగుళాల పీలికలుగా చింపి, చిక్కటి టీ డికాషన్‌లో ఒక గంట నానబెట్టి ఆరేస్తే వందల ఏళ్ల నాటి గుడ్డలా గోధుమరంగు పడుతుంది. ఆ పీలికల్ని పిల్లల ఒంటికి చుట్టకండి. పాత థర్మల్ చొక్కాకి వేరుగా, ప్యాంటుకి వేరుగా కుట్టేయండి, అప్పుడే బాత్రూంకి వెళ్లొస్తే మళ్లీ మొదటి నుంచి చుట్టే పని ఉండదు. దీనికి ఒక పూట పూర్తిగా పడుతుంది, ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టే పని కాదు. ఓపిక ఉంటే మాత్రం భయపెట్టాలనే పిల్లలకి దీన్ని మించింది ఇంట్లో దొరకదు, రక్తాలూ కత్తులూ లేకుండానే భయంగా ఉంటుంది.

అట్టపెట్టెలు

ఇంటికి వచ్చే పార్శిళ్ల పుణ్యమా అని అట్టపెట్టెలకి లోటు లేదు, పిల్లలకి కూడా రంగులు వేయడం, ఫాయిల్ అతికించడం, మూతలతో బటన్లు పెట్టడం అన్నిటికంటే ఇష్టమైన పని. చేసేటప్పటి ఆనందం చూస్తే రోబోకే మొదటి మార్కు. చేసిన తర్వాతే కష్టం. మెడ నుంచి మోకాళ్ల దాకా పెట్టె వేస్తే కూర్చోవడం కుదరదు, మెట్ల మీద కాళ్లు కనిపించవు, గుమ్మం దగ్గర నలుగురు పిల్లలుంటే అందరికీ గుచ్చుకుంటుంది, తలకి ఇంకో పెట్టె పెడితే పక్క నుంచి వచ్చే కారు అసలు కనిపించదు.

పెట్టె వేషమే కావాలంటే రోబోని వదిలేసి బండి చేయండి. అడుగూ పైభాగమూ తీసేసిన పెట్టెని నడుము చుట్టూ వేలాడదీసి, పాత చున్నీని రెండుగా చింపి భుజాల మీద పట్టీల్లా కడితే కారు, రైలు, బస్సు ఏదైనా అవుతుంది. కాళ్లు బయటే ఉంటాయి, కూర్చోవాలంటే ఒక్క క్షణంలో దించి పక్కన పెట్టొచ్చు. పేపర్ ప్లేట్లు చక్రాలు, టార్చి లైటు హెడ్‌లైటు. ఆ లైటు నిజంగా వెలుగుతుంది కాబట్టి చీకట్లో భద్రం కూడా. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో మనవాళ్లు ఎక్కువున్న వీధిలో ఉంటే పసుపూ నలుపూ వేసి ఆటో చేయండి, లేదా ముందు బోర్డు మీద మీ ఊరి పేరు రాసి పల్లెవెలుగు బస్సు చేయండి, తలుపు తీసిన ప్రతి అంకులూ ఆంటీ ఆగి ఆ బోర్డు చదువుతారు. నాకు ఇలాంటివి చూస్తే చాలా సంతోషం. నడవలేని చిన్నపిల్లలుంటే స్ట్రాలర్‌కో వ్యాగన్‌కో రెండువైపులా అట్టలు కట్టేయండి, బండే వేషం, పిల్ల లోపల దుప్పటి కప్పుకుని వెచ్చగా కూర్చుంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకి ఇంతకంటే మంచి వేషం నాకు తెలియదు.

పిల్లి, కుక్క, గబ్బిలం లాంటివి తొందరగా అయిపోయేవి. నల్ల లెగ్గింగ్స్, నల్ల హుడీ, హెయిర్‌బ్యాండ్‌కి అట్టతో చెవులు, పాత సాక్సులో గుడ్డలు కూరి వెనక తోక. స్కూలుకి ఇదే అన్నిటికన్నా మంచిది, రోజంతా మామూలు బట్టల్లో ఉన్నట్టే ఉంటుంది. రాత్రికి మాత్రం నలుపు కనిపించదు, సైకిలు మీద వేసుకునే మెరుపు జాకెట్ ఉంటే పైన వేయండి, లేదా మెరిసే టేపు సంచికీ వీపుకీ అతికించండి.

బామ్మ వేషం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామందికి అది తట్టదు. ఉన్ని శాలువా, వదులు స్వెటర్, పాత కళ్లద్దాల ఫ్రేము, చేతిసంచి, జుట్టు ముడేసి పైన కొంచెం పౌడరు. పౌడరు చల్లేటప్పుడు కళ్లు మూయించి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టండి. తాతయ్య కావాలంటే స్వెటర్, టోపీ, చేతికర్ర. ఇది వెచ్చని వేషం, నడవడానికి ఏ అడ్డమూ లేదు. ఇంకో లాభం ఉంది. ఇక్కడి చాలా స్కూళ్లలో ఫిబ్రవరిలో, బడి మొదలై వంద రోజులైనప్పుడు, వందో రోజు జరుపుతారు, పిల్లల్ని వందేళ్ల వాళ్లలా తయారుచేసి పంపమంటారు. అక్టోబర్‌లో చేసిన వేషాన్నే ఒక సంచిలో దాచిపెడితే ఆ రోజుకి మళ్లీ వెతుక్కునే పని ఉండదు. ఒకే కష్టానికి రెండు పండగలు గడిచే వేషం ఇదొక్కటే.

మన లంగాలు, చీరలు, పంచెలు

బీరువా నిండా పట్టులంగాలు ఉంటాయి కాబట్టి పిల్లకి ఒకటి తొడిగి రాణి అనేద్దామనిపిస్తుంది. నాకు ఇందులో రెండు అభ్యంతరాలు. మొదటిది, అంచు నేలకి రాసే లంగాతో తడి గడ్డిలో, చీకటి మెట్ల మీద నడిస్తే పడిపోతారు, పట్టు పాడవుతుంది, పెట్టిన గొలుసో జుమికీయో పోతే ఎక్కడ పడిందో వెతకలేరు. రెండోది నా మనసుకి సంబంధించింది. మనం పండక్కీ పెళ్లికీ గౌరవంగా కట్టుకునే బట్టని ‘ఇండియన్ వేషం’ అని పిల్లలతో చెప్పించడం నాకు ఇష్టం ఉండదు. అదే లెక్కన వేరేవాళ్ల సంప్రదాయ దుస్తుల్ని, ఈకల కిరీటం పెట్టి నేటివ్ అమెరికన్ అనడం లాంటివాటిని కూడా వేషంగా వేయకూడదు, చాలా స్కూళ్లు ఒప్పుకోవు కూడా.

ఎవరో ఒక మనిషిగా తయారవడం మాత్రం వేరే సంగతి. 13వ శతాబ్దంలో ఓరుగల్లు నుంచి కాకతీయ రాజ్యాన్ని ఏలిన రుద్రమదేవి కథ చెప్పి, పిల్ల తనంతట తాను ఆ వేషం వేస్తానంటే తప్పకుండా వేయండి. పొట్టి కుర్తా, కాళ్లకి విడివిడిగా వచ్చేలా కట్టిన పంచె, నడుముకి జరీ చున్నీ, అట్ట కిరీటానికి ఫాయిల్. పంచె కింద లెగ్గింగ్స్ వేస్తే జారినా ఇబ్బంది లేదు, చలికీ పనికొస్తుంది. కత్తి వద్దు, బొమ్మ కత్తయినా స్కూల్లోకి రానివ్వరు. ప్రతి తలుపు దగ్గరా ‘నువ్వెవరు?’ అని అడుగుతారు, అలా చెప్పడం ఇష్టపడే పిల్లకి ఈ వేషం అద్భుతం, సిగ్గుపడే పిల్లకి మొదటి నాలుగు ఇళ్లకే విసుగొస్తుంది. మీ పిల్ల ఏ రకమో మీకే తెలుసు.

మీ స్కూల్లో హాలోవీన్ అనకుండా కథల పుస్తకంలోని పాత్రగా రమ్మంటే కంగారు పడకండి. దిష్టిబొమ్మ, పిల్లి, బామ్మ ఈ మూడూ ఏదో ఒక పిల్లల పుస్తకంలో ఉండనే ఉంటాయి, ఆ పుస్తకాన్ని చేతికిచ్చి పంపితే సరిపోతుంది. మాస్కు, ఆయుధం, రక్తం వద్దనే నియమం చాలా స్కూళ్లలో ఉంటుంది, కాబట్టి పగలు వేసేదీ రాత్రి వేసేదీ ఒకటే కావాలనుకుంటే ఆ మూడూ లేనిదే ఎంచుకోండి.

ముఖానికి రాసేవాటి గురించి గట్టిగానే చెబుతున్నాను. మీసాలకి, పిల్లి గీతలకి మన కాటుక, సుర్మా వాడొద్దు. వాటిలో సీసం ఉండే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తోంది, పిల్లలు ముఖం తుడుచుకుని అదే చేత్తో క్యాండీ తింటారు. సిందూరం కూడా అంతే. పసుపైతే చర్మానికీ బట్టకీ అంటుకుంటే వదలదు. మీరు రోజూ వాడే ఐలైనర్, లిప్‌స్టిక్ చాలు, అవైనా ఒకటి రెండు రోజుల ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి దద్దురు వస్తుందేమో చూడండి. కళ్ల రంగు మార్చే లెన్సులు టీనేజీ పిల్లలు అడుగుతారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మడం ఇక్కడ చట్టవిరుద్ధం, కంటికి పుండు పడితే చూపే పోవచ్చు, ఎంత అడిగినా కాదనండి.

నిప్పు. గుమ్మడికాయ లోపల నిజం కొవ్వొత్తి పెట్టి మెట్ల మీద ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి, పిల్లలు సరిగ్గా దాని పక్కనే వంగి క్యాండీ తీసుకుంటారు. వదులు నూలు దుప్పటి, పల్చటి చున్నీ ఇట్టే అంటుకుంటాయి. పాలిస్టర్, నైలాన్ అంత తేలిగ్గా అంటుకోవు కానీ అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తాయి. బ్రిటన్‌లో 2014లో ఒక టీవీ వ్యాఖ్యాత కూతురి హాలోవీన్ వేషానికి కొవ్వొత్తి తగిలి ఒళ్లు తీవ్రంగా కాలింది, ఆ తర్వాతే అక్కడి పెద్ద షాపులు పిల్లల వేషాల బట్టకి కఠినమైన పరీక్షలు మొదలుపెట్టాయి. ఇంటి వేషానికి ఆ పరీక్ష చేసేవాళ్లు ఉండరు, కాబట్టి వేలాడే అంచులు, వదులు చేతులు ఉంటే మడిచి కుట్టేయండి, మీ గుమ్మం ముందు బ్యాటరీ దీపం పెట్టండి.

మరి కొనడం ఎప్పుడు మేలు? పిల్లాడు ఫలానా సూపర్ హీరోనే కావాలని నెల రోజుల నుంచి కలవరిస్తుంటే కొనేయండి, ఇంట్లో చేసింది ఎంత బాగున్నా వాడికి అది కాదు. కాకపోతే కొత్తదే కానక్కర్లేదు, పిల్లలు ఏడాదిలో పొడవైపోతారు, కాబట్టి స్నేహితుల ఇళ్లలో పోయినేడాదివి ఒక్కసారి వేసి పక్కన పెట్టినవి ఉంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు. 2023లో అమెరికన్లు హాలోవీన్‌కి మొత్తం 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా వేసింది, అందులో వేషాలది పెద్ద వాటా. ఒక్క సాయంత్రం వేసి చెత్తలో వేసే పాలిస్టర్ బట్ట మీద అంత డబ్బు పోవడం నాకు బాధగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈమధ్య గేటెడ్ కమ్యూనిటీల్లో, కొన్ని స్కూళ్లలో హాలోవీన్ చేస్తున్నారు. అక్కడివాళ్లకి పైన చెప్పిన లెక్క కొంత తిరగబడుతుంది. చలి లేదు, తిరిగేది ఎక్కువగా క్లబ్‌హౌస్‌లోనో లిఫ్టుల్లోనో, కాబట్టి గళ్ల చొక్కా కింద స్వెటర్లు అక్కర్లేదు, దుప్పటి దెయ్యానికి మాత్రం ఉక్కపోస్తుంది. అక్కడికి నేను పిల్లి లేదా నడుముకి వేసే పెట్టె బండి చెబుతాను. ఒక్క జాగ్రత్త: దీపావళి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది, 2024లో అయితే రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. వేషం మీద ఉండగా కాకరపువ్వొత్తి కూడా చేతికివ్వకండి, ముందు వేషం విప్పించి, ఒంటికి అతుక్కునే నూలు బట్టలు వేసి, అప్పుడు బాణసంచా.

పెద్దవాళ్లు ఆఫీసుకి ఏదో ఒకటి వేయాల్సి వస్తే ఎక్కువ ఆలోచించకండి. మీటింగుల్లో కూర్చోవాలి, కీబోర్డు కొట్టాలి, కాబట్టి రెండు నిమిషాల్లో తీసి పెట్టగలిగేదే వేసుకోండి. పిల్లలకి చేసిన దిష్టిబొమ్మ టోపీ, మెడలో ఒక కాగితం గడ్డి దండ, మీ సొంత గళ్ల చొక్కా సరిపోతాయి. సాయంత్రం పిల్లల్ని తిప్పడానికి అదే చొక్కాతో వెళ్లొచ్చు, చేతిలో టార్చి మాత్రం మర్చిపోకండి.